శిక్ష పూర్తయింది... మరి గతం పూర్తయినట్టేనా?

ఈ ఎపిసోడ్‌లో కొంచెం బరువైన ప్రశ్న ఒకటి తీసుకుందాం. చివరిదాకా ఉండండి, ఎందుకంటే దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు.

ఒక మనిషి ఇరవై, పాతికేళ్ళ వయసులో ఆయుధం పట్టుకున్నాడు. లేదా పట్టుకున్నవాళ్ళతో కలిసి నడిచాడు. ఎవరో చనిపోయారు. తర్వాత ఆ దారి వదిలేశాడు. జైలుకెళ్ళాడు, బయటికొచ్చాడు, చదువుకున్నాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. ముప్పై, నలభై ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు ఆ మనిషిని మనం ఏమని పిలవాలి? ప్రొఫెసర్ అనా? హంతకుడు అనా? ముందు "మాజీ" అని తగిలిస్తే సరిపోతుందా?

ఇదేదో పుస్తకాల్లో ప్రశ్న అనుకోకండి. 2025 అక్టోబరులో మావోయిస్టు పార్టీ అగ్రనేతల్లో ఒకరు, పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో లొంగిపోయారు. ఆయనతో పాటు పదుల సంఖ్యలో కేడర్ కూడా వచ్చింది. ఈ మధ్య ఇలా బయటికొచ్చినవాళ్ళు చాలామంది. ఎప్పుడో ఇల్లు వదిలి వెళ్ళిన తెలుగువాళ్ళు కూడా అందులో ఉన్నారు.

రేపు వాళ్ళు మన వీధిలోనే అద్దెకుండొచ్చు. కిరాణా కొట్టు పెట్టుకోవచ్చు. కొందరు ఎన్నికల్లో నిలబడొచ్చు, యూట్యూబ్‌లో ఇంటర్వ్యూలివ్వచ్చు. అప్పుడు మీ ఫోన్‌లో రెండే రకాల కామెంట్లు కనిపిస్తాయి. ఒకటి, "అన్న లెజెండ్". రెండోది, "వీళ్ళని వదలకూడదు". మధ్యలో ఏమీ ఉండదు.

ఈ రెండింటి మధ్యలో ఏముందో చూడటమే ఈరోజు మన పని. అయితే ఒక చిక్కుంది. మన కథ దగ్గర మొదలుపెడితే వెంటనే ఎవరి పక్షం వాళ్ళం పట్టేస్తాం. మన జిల్లా, మన కులం, మన పార్టీ అన్నీ అడ్డొస్తాయి. అందుకని ముందు మనకి ఏ సంబంధం లేని ఒక కేసు చూద్దాం. కోర్టు తీర్పులున్న కేసు, చివరిదాకా ఏం జరిగిందో తెలిసిన కేసు. ఆ తర్వాత ఇంటికొద్దాం.

న్యూయార్క్, 1970

అమెరికాలో 1960ల చివర. వియత్నాం యుద్ధం నడుస్తోంది. కాలేజీ కుర్రాళ్ళు రోడ్లెక్కారు. ఊరేగింపులు, ధర్నాలు, అన్నీ చేశారు. యుద్ధం ఆగలేదు. అప్పుడు విద్యార్థి ఉద్యమం నుంచి ఒక చిన్న గుంపు విడిపోయి, "ఇక ఆయుధమే దారి" అంది. ఆ గుంపే తర్వాత వెదర్ అండర్‌గ్రౌండ్ అనే పేరుతో తెలిసింది.

వీళ్ళు పేదపిల్లలు కాదు. మంచి కాలేజీల్లో చదివినవాళ్ళు. అందులో కేథీ బౌడిన్ అనే అమ్మాయి ఉంది. వాళ్ళ నాన్న లెనార్డ్ బౌడిన్ పౌరహక్కుల కేసులు వాదించే పేరున్న లాయరు.

1970 మార్చి 6. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో ఒక ఇంట్లో బాంబు తయారు చేస్తుంటే అది చేతుల్లోనే పేలిపోయింది. ముగ్గురు చనిపోయారు, ముగ్గురూ వాళ్ళ గుంపువాళ్ళే. ఆ ఇంట్లోంచి ప్రాణాలతో బయటపడిన ఇద్దరిలో కేథీ బౌడిన్ ఒకరు. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఆ బాంబులో మేకులు పెట్టారు. ఫోర్ట్ డిక్స్ అనే సైనిక స్థావరంలో సైనికుల డాన్స్ పార్టీ జరగబోతోంది, అక్కడ పేల్చాలన్నది ప్లాన్. మేకులు గోడల కోసం పెట్టరు కదా. మనుషుల కోసం పెడతారు.

ఆ పేలుడు తర్వాత వీళ్ళు పద్ధతి మార్చారు. ముందే ఫోన్ చేసి హెచ్చరించి, ఖాళీ చేశాక పేల్చేవాళ్ళు. 1971లో అమెరికా పార్లమెంటు భవనం కాపిటల్‌లో, 1972లో రక్షణ శాఖ ఆఫీసు పెంటగాన్‌లో బాంబులు పేల్చారు. వాటిలో ఎవరూ చనిపోలేదు. 1975లో యుద్ధం ముగిసింది. మెల్లమెల్లగా చాలామంది అజ్ఞాతంలోంచి బయటికొచ్చేశారు.

కొందరు రాలేదు.

1981 అక్టోబరు 20. న్యూయార్క్ నగరానికి దగ్గర్లో నానుయెట్ అనే ఊరు. అక్కడ మాల్ దగ్గర బ్రింక్స్ కంపెనీ క్యాష్ వ్యాన్ ఆగింది, మన ఏటీఎంల దగ్గరికి వచ్చే వ్యాన్ లాంటిదే. బ్లాక్ లిబరేషన్ ఆర్మీ అనే సాయుధ గుంపు దాని మీద పడింది. సుమారు 16 లక్షల డాలర్లు ఎత్తుకెళ్ళారు. పీటర్ పేజ్ అనే గార్డుని చంపేశారు. ఇంకో గార్డు జోసెఫ్ ట్రాంబినో తీవ్రంగా గాయపడ్డాడు.

తప్పించుకోడానికి ఒక అద్దె ట్రక్కు సిద్ధంగా పెట్టుకున్నారు. ముందు సీట్లలో ఇద్దరు తెల్లవాళ్ళు కూర్చుంటే పోలీసులకి అనుమానం రాదని లెక్క. ఆ ఇద్దరూ ఎవరంటే, కేథీ బౌడిన్, ఆమె సహచరుడు డేవిడ్ గిల్బర్ట్. పక్క ఊరు నయాక్‌లో పోలీసులు ట్రక్కుని ఆపారు. బౌడిన్ చేతులెత్తి దిగింది. వీళ్ళు దొంగల్లా లేరే అని పోలీసులు కాస్త సడలారు. అంతలో వెనక తలుపులు తెరుచుకున్నాయి, తుపాకులు పేలాయి. సార్జెంట్ ఎడ్వర్డ్ ఓగ్రేడీ, ఆఫీసర్ వేవర్లీ బ్రౌన్ చనిపోయారు.

వేవర్లీ బ్రౌన్ ఎవరో తెలుసా? నయాక్ పోలీసు శాఖలో మొట్టమొదటి నల్లజాతి ఆఫీసర్. నల్లజాతి విముక్తి పేరుతో చేసిన దోపిడీలో చనిపోయిన మనిషి ఆయన.

ఆరోజు పొద్దున బౌడిన్ తన కొడుకుని చూసుకునేవాళ్ళ దగ్గర వదిలి వచ్చింది. వాడికి 14 నెలలు. సాయంత్రం తీసుకెళ్ళడానికి అమ్మా రాలేదు, నాన్నా రాలేదు. చనిపోయిన వాళ్ళ ఇళ్ళలో కూడా అంతే, సాయంత్రం నాన్న రాలేదు. తేడా ఒక్కటే. ఒక పిల్లాడు కనీసం జైలుకెళ్ళి అమ్మని చూడగలిగాడు.

తర్వాత ఏమైంది?

బౌడిన్ స్వయంగా తుపాకి పేల్చలేదు. కానీ దోపిడీలో భాగం పంచుకుంటే, ఆ దోపిడీలో జరిగిన హత్యకి కూడా బాధ్యుడివే అంటుంది అక్కడి చట్టం. 1984లో ఆమె నేరం ఒప్పుకుంది. 20 ఏళ్ళ నుంచి జీవితాంతం దాకా శిక్ష పడింది. 22 ఏళ్ళు జైల్లో ఉండి 2003లో పెరోల్ మీద విడుదలైంది.

జైల్లో ఊరికే కూర్చోలేదు. అప్పట్లో ఎయిడ్స్ అంటే భయం, వెలి. జైల్లో హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ళకి తోటి ఖైదీలే అండగా నిలబడే కార్యక్రమం నడిపినవాళ్ళలో ఆమె ఒకరు. ఖైదీల కాలేజీ చదువుకి ప్రభుత్వం 1994లో డబ్బు ఆపేస్తే, మళ్ళీ ఆ చదువు మొదలవడానికి పని చేసింది. బయటికొచ్చాక డాక్టరేట్ చేసింది. కొలంబియా యూనివర్సిటీలో సోషల్ వర్క్ పాఠాలు చెప్పింది. జైలు నుంచి వచ్చినవాళ్ళ కోసం పని చేసింది. 2022 మే 1న 78 ఏళ్ళ వయసులో క్యాన్సర్‌తో చనిపోయింది.

ఇప్పుడు చెప్పండి. ఆమె ఎవరు?

రెండు వైపులా నిజాయితీగా వింటే

మొదటి వాదన ఇది. "శిక్ష అనేది ఒక లెక్క. కోర్టు ఇన్నేళ్ళు అంది, ఆమె అన్నేళ్ళు ఉంది. ఆ తర్వాత కూడా పాఠం చెప్పనివ్వం, ఇల్లు అద్దెకివ్వం అంటే, కోర్టు వేయని రెండో శిక్ష మనం వేస్తున్నట్టు. పైగా జైలు నుంచి వచ్చినవాడికి దారులన్నీ మూసేస్తే, వాడు మళ్ళీ ఎటు పోతాడు?" బలమైన వాదనే ఇది. ఆయుధం దించిన మనిషికి బతికే దారి లేకపోతే, ఆయుధం దించాలని ఇంకెవరికి అనిపిస్తుంది?

రెండో వాదన. "బౌడిన్‌కి 22 ఏళ్ళ తర్వాత జీవితం తిరిగొచ్చింది. ఓగ్రేడీకి రాలేదు, బ్రౌన్‌కి రాలేదు, పేజ్‌కి రాలేదు. ఆమె ప్రొఫెసర్ అయితే పేపర్లో స్టోరీ వస్తుంది. వాళ్ళు ఏమయ్యేవాళ్ళో ఎవరికీ తెలియదు. మారిన మనిషి కథ అందరికీ నచ్చుతుంది, అందులో చనిపోయినవాళ్ళు సైడ్ క్యారెక్టర్లు అయిపోతారు." ఇది కూడా నిజమే. మన సినిమాలు చూడండి. హీరో గతంలో ఎంతమందిని నరికినా, ఫ్లాష్‌బ్యాక్ అయ్యాక మనం చప్పట్లు కొడతాం. ఆ నరికినవాళ్ళ ఇంటికి కెమెరా వెళ్ళదు.

అయితే ఎవరు కరెక్ట్? నా ఉద్దేశంలో ఈ రెండు వాదనలూ రెండు వేర్వేరు విషయాల గురించి. మనం వాటిని కలిపేస్తున్నాం, అందుకే ఎప్పటికీ తెగదు. ఒకటి శిక్ష. రెండోది జవాబుదారీతనం. శిక్షకి గడువు ఉంటుంది, ఉండాలి కూడా. జవాబు చెప్పాల్సిన బాధ్యతకి గడువు ఉండదు.

అంటే ఏంటి? శిక్ష పూర్తి చేసిన మనిషిని ఉద్యోగం చేసుకోనివ్వాలి, ఇల్లు అద్దెకివ్వాలి, పాఠం చెప్పగలిగితే చెప్పనివ్వాలి. అది మనం ఇవ్వాల్సింది. కానీ ఎవరైనా అడిగినప్పుడు, "ఇంకా ఎన్నాళ్ళు అడుగుతారు?" అనే హక్కు ఆ మనిషికి లేదు. ఏం చేశాడో, ఎవరు పోయారో, నలభై ఏళ్ళ తర్వాత అడిగినా సూటిగా చెప్పాలి. అది వాళ్ళు ఇవ్వాల్సింది.

ఏళ్ళు గడవడం ఒక్కటే ఎందుకు సరిపోదు?

అదే కేసులో ఇంకో మనిషి ఉంది. జూడిత్ క్లార్క్. ఆరోజు తప్పించుకునే కార్లలో ఒకటి నడిపింది. కోర్టులో "నేను స్వాతంత్ర్య యోధురాలిని, మీ కోర్టుని నేను గుర్తించను" అనే ధోరణిలో ప్రవర్తించింది. లాయర్ని పెట్టుకోలేదు, విచారణ చాలావరకు తన సెల్‌లోనే గడిపింది. 75 ఏళ్ళ నుంచి జీవితాంతం శిక్ష పడింది.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె మారింది. తను చేసిన పనికి బాధ్యత తనదే అని బహిరంగంగా చెప్పింది, క్షమాపణ అడిగింది. 2016 చివర్లో న్యూయార్క్ గవర్నర్ ఆమె శిక్ష తగ్గించి పెరోల్‌కి దారి ఇచ్చారు. 2017లో పెరోల్ బోర్డు తిరస్కరించింది. కారణాల్లో ఒకటి ఏంటంటే, ఆ హింసాత్మక నేరానికి ఆమె ఇంకా ఒక గుర్తుగా, ప్రతీకగా ఉందట. చివరికి 2019లో వదిలారు. అప్పటికి 37 ఏళ్ళు దాటాయి.

ఆ "ప్రతీక" అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మన ప్రశ్నంతా అందులోనే ఉంది. విగ్రహం ప్రతీక అవుతుంది, జెండా ప్రతీక అవుతుంది. ఎందుకంటే అవి మారవు, అక్కడే ఉంటాయి. మనిషి రోజూ ఏదో ఒకటి చేస్తూ, అంటూ, మారుతూ ఉంటుంది. 1981లో ఆమెని ప్రతీక అంటే అర్థముంది, ఎందుకంటే అప్పుడు తనే ఆ జెండా పట్టుకుని నిలబడింది. 2017లో ఆమె చెప్పే మాట పూర్తిగా వేరు. వినకుండా ప్రతీక అనేస్తే, ఇక మారడం దేనికి?

ఇప్పుడు దీనికి రివర్స్ చూడండి. బిల్ ఏయర్స్. వెదర్ అండర్‌గ్రౌండ్ వ్యవస్థాపకుల్లో ఒకరు. 1980లో అజ్ఞాతం నుంచి బయటికొచ్చారు. ఆయన మీద పెద్ద కేసులు అప్పటికే కొట్టేశారు, ఎందుకంటే ప్రభుత్వం, ఎఫ్‌బీఐ చట్టవిరుద్ధంగా ఫోన్లు వినడం లాంటి పనులు చేసినట్టు తేలింది. ఆయన చికాగోలో ఎడ్యుకేషన్ ప్రొఫెసర్ అయ్యారు. బౌడిన్ జైల్లో ఉంటే ఆ 14 నెలల పిల్లాడిని పెంచింది కూడా ఏయర్స్ దంపతులే. ఆ పిల్లాడు చేసా బౌడిన్ పెద్దయ్యాక లాయరై, శాన్‌ఫ్రాన్సిస్కో జిల్లా అటార్నీగా ఎన్నికయ్యాడు.

2001లో ఏయర్స్ తన అజ్ఞాత జీవితం మీద పుస్తకం రాశారు. బాంబులు పెట్టినందుకు బాధపడటం లేదు, ఇంకా చేయాల్సింది అన్న అర్థం వచ్చే మాటలతో ఒక ఇంటర్వ్యూ న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. అది అచ్చయిన రోజు 2001 సెప్టెంబర్ 11. బ్రింక్స్ దోపిడీలో గాయపడిన గార్డు ట్రాంబినో గుర్తున్నాడా? కోలుకుని మళ్ళీ అదే ఉద్యోగంలో చేరాడు. ఆరోజు వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో డ్యూటీలో ఉండి చనిపోయాడు. రెండింటికీ సంబంధం లేదు, తేదీ ఒక్కటే కలిసింది. కానీ బాంబు అంటే కింద నిలబడ్డవాళ్ళకి ఏంటో ఆ రోజు అందరికీ అర్థమైంది.

ఏయర్స్ తర్వాత వివరణ ఇచ్చారు, యుద్ధం ఆపడానికి చాలినంత చేయలేదు అన్నదే నా ఉద్దేశం అని. మా బాంబులు ఆస్తుల మీదే, మనుషుల మీద కాదు అన్నది ఆయన వాదన. కాపిటల్, పెంటగాన్ విషయంలో అది నిజమే. కానీ మేకుల బాంబు సంగతి? అది ముందే పేలడం వల్ల సైనికులు బతికారు. అది ఆ గుంపు మంచితనం కాదు, అదృష్టం.

2010లో ఆయన రిటైర్ అయ్యాక యూనివర్సిటీ గౌరవ హోదా ఇవ్వాల్సి వచ్చింది. బోర్డు ఇవ్వలేదు. అప్పుడు బోర్డు చైర్మన్ క్రిస్టఫర్ కెనడీ. 1968లో హత్యకు గురైన రాబర్ట్ కెనడీ కొడుకు. ఏయర్స్ బృందం 1974లో తెచ్చిన పుస్తకాన్ని అంకితమిచ్చినవాళ్ళ పొడవాటి లిస్టులో ఒక పేరు సిర్హాన్ సిర్హాన్, అంటే రాబర్ట్ కెనడీని చంపిన మనిషి. మా నాన్నని చంపినవాడికి అంకితమిచ్చిన మనిషికి గౌరవం ఇవ్వడానికి నా మనసు ఒప్పుకోదు అన్నది ఆ కొడుకు వైఖరి.

ఇక్కడ గమనించండి. ఏయర్స్ ఉద్యోగం ఎవరూ లాక్కోలేదు. రెండు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పారు. ఆగింది గౌరవం ఒక్కటే. ఉద్యోగం హక్కు, గౌరవం హక్కు కాదు. ఒక మనిషిని బతకనివ్వడం వేరు, దండ వేయడం వేరు.

"జరిగింది" అనే మాట

సరే, జవాబుదారీతనం అన్నాను. మరి ఒక మనిషి నిజంగా జవాబు చెప్తున్నాడా, తప్పించుకుంటున్నాడా అని ఎలా తెలుస్తుంది? ఒక తేలిక పద్ధతుంది. క్రియ చూడండి.

మన తెలుగులో ఒక సౌకర్యం ఉంది. కర్త లేకుండానే వాక్యం నడిచిపోతుంది. "గ్లాసు పగిలిపోయింది" అంటాం. ఎవరు పగలగొట్టారో చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు అమ్మ దగ్గర అందరం వాడిన టెక్నిక్కే. అలాగే "కొన్ని పొరపాట్లు జరిగాయి", "ప్రాణనష్టం జరిగింది", "అప్పటి పరిస్థితులు అలాంటివి" అంటారు. ఇవన్నీ పగిలిన గ్లాసు వాక్యాలు. "మేం చంపాం. ఆయన పేరు ఇది. ఆయన ఇన్‌ఫార్మర్ అని మాకు రుజువు లేదు, అయినా చంపాం." ఇది జవాబు. ఈ రెండో వాక్యం నోట్లోంచి రావడం ఎంత కష్టమో చూడండి. ఆ కష్టమే అసలు కొలత.

ఇదే కొలత అవతలివైపు కూడా పెట్టాలి. "ఎదురుకాల్పుల్లో మృతి చెందారు" అని పోలీసు ప్రకటన వస్తుంది. ఎవరు ఎవరిని కాల్చారు? ఎంత దూరం నుంచి? పట్టుకున్నాకా, ముందా? అది కూడా పగిలిన గ్లాసు వాక్యమే.

ఇక్కడ మీలో కొందరు అడుగుతారు. "అన్నా, వియత్నాంలో లక్షలమంది చనిపోయారు కదా, ఆ యుద్ధం నడిపినవాళ్ళని జీవితాంతం ఎవరు నిలదీశారు? అమెరికా విదేశాంగ మంత్రి కిసింజర్‌కి 1973లో నోబెల్ శాంతి బహుమతి కూడా ఇచ్చారు." న్యాయమైన ప్రశ్న. అడగాల్సిందే. కానీ అది వేవర్లీ బ్రౌన్ ఇంటివాళ్ళకి చెప్పే జవాబు అవుతుందా? కాదు. ఇంకొకడు అప్పు ఎగ్గొట్టాడని మన బాకీ తీరిపోదు కదా. ఇద్దరినీ అడుగుదాం.

దీన్ని ఒక దేశం నిజంగా ప్రయత్నించింది. దక్షిణాఫ్రికా. జాతివివక్ష పాలన పోయాక, డెస్మండ్ టుటు అధ్యక్షతన సత్యశోధన, సయోధ్య కమిషన్ పెట్టారు. 1996లో విచారణలు మొదలయ్యాయి. రూల్ ఏంటంటే, రాజకీయ కారణంతో చేసిన నేరాన్ని దాపరికం లేకుండా పూర్తిగా చెప్తేనే క్షమాభిక్ష. పోలీసులకీ అదే రూల్, ఉద్యమంలో ఆయుధం పట్టినవాళ్ళకీ అదే రూల్. ఇంకో విచిత్రం, పశ్చాత్తాపం చూపించాలన్న షరతు లేదు. ఏడవక్కర్లేదు, నిజం చెప్తే చాలు. 7 వేలకు పైగా దరఖాస్తులొస్తే, క్షమాభిక్ష దొరికింది 849 మందికే.

చాలా కుటుంబాలకి అది సరిపోలేదు. శిక్ష లేకుండా వదిలేశారన్న కోపం ఉంది, ఆ కోపంలో న్యాయముంది. కానీ కొందరికి తమవాడు ఎలా పోయాడో, శవం ఎక్కడుందో అక్కడే మొదటిసారి తెలిసింది. కన్నీళ్ళు నటించొచ్చు. శవం పాతిపెట్టిన చోటు మాత్రం నటించలేరు.

క్షమించడం ఎవరి పని?

ఇంకో మాట. బ్రింక్స్ కేసులో ప్రతి పెరోల్ ముందూ చనిపోయినవాళ్ళ కుటుంబాల్లో చాలామంది "వద్దు" అన్నారు. అప్పుడు బయట కొందరు, "ఇన్నేళ్ళయినా కక్ష వదల్లేదు చూడు" అన్నారు. అలా అనకండి. క్షమించమని వాళ్ళని అడిగే అధికారం మనకి లేదు. పెరోల్ ఇచ్చేది ప్రభుత్వం, ఉద్యోగం ఇచ్చేది యూనివర్సిటీ. క్షమించేది ఆ కుటుంబం ఒక్కటే, అది కూడా వాళ్ళకి అనిపిస్తేనే. విడుదల కావడం అంటే క్షమించబడటం కాదు. ఆ ఇంటివాళ్ళు జీవితాంతం "నాకు ఆమె హంతకురాలే" అంటే, వాళ్ళ వరకు అది న్యాయమే. మనం, అంటే సమాజం, అదే మాట జీవితాంతం అనాలా అన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు మన ఊరికొద్దాం

మన దగ్గర ఒక ఉదాహరణ అందరికీ తెలుసు. సీతక్క, అంటే దనసరి అనసూయ. చిన్న వయసులోనే నక్సల్ ఉద్యమంలోకి వెళ్ళారు, 1990ల్లో బయటికొచ్చారు, లా చదివారు. 2009లో ములుగు నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. 2022లో ఉస్మానియా యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ. 2023 డిసెంబరులో తెలంగాణ మంత్రి. ఆమె ఫలానా నేరం చేశారని నేను అనడం లేదు, అది నా పాయింట్ కాదు. పాయింట్ ఏంటంటే, ఆమె గతం దాచుకోలేదు. అడవిలో ఉన్నప్పటి పేరుతోనే ప్రజల్లో తిరుగుతున్నారు. ములుగు ఓటర్లు తెలిసే ఓటేశారు. గతం కనబడుతూనే ఉంది, కానీ దారికి అడ్డంగా లేదు. అది జరగగలదు అనడానికి ఇది రుజువు.

కానీ అందరి విషయంలో ఇంత తేలిగ్గా ఉండదు. లొంగుబాటు ప్రెస్‌మీట్ వీడియోలు చూసుంటారు. తుపాకి అప్పగిస్తారు, చెక్కు అందుకుంటారు, ఫోటో దిగుతారు. హింస తగ్గాలంటే అది అవసరమే, నేను కాదనను. కానీ అక్కడ ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి చంపేసిన మనిషి భార్య ఆ మీటింగులో ఉండదు. ఎన్‌కౌంటర్‌లో పోయినవాడి తల్లి కూడా ఉండదు. తుపాకి ప్రభుత్వానికి అప్పగించారు. మరి ఆ ఇళ్ళకి జవాబు ఎవరు అప్పగిస్తారు? ఇన్‌ఫార్మర్ ముద్ర పడిన ఇంటి మీద ఆ మాట ఇప్పటికీ ఊళ్ళో ఉంటుంది. "మీవాడు ఇన్‌ఫార్మర్ కాదు, మేం పొరబడ్డాం" అని చంపినవాళ్ళలో ఒక్కరు చెప్తే, ఆ పిల్లలు తలెత్తుకుని తిరుగుతారు. దానికి చెక్కు అక్కర్లేదు, చట్టం అక్కర్లేదు.

సో, రేపు మీ ఫోన్‌లో ఒక మాజీ దళ సభ్యుడి ఇంటర్వ్యూ వస్తుంది. "లెజెండ్" అని కానీ, "వదలకూడదు" అని కానీ టైప్ చేసే ముందు మూడు చూడండి. ఒకటి, అసలు ఏం చేశాడు? నినాదాలిచ్చాడా, పోస్టర్ అంటించాడా, ప్రాణం తీశాడా? అన్నిటికీ "నక్సల్" అని ఒకే ముద్ర వేయకండి. రెండు, ఎలా చెప్తున్నాడు? "జరిగింది" అంటున్నాడా, "చేశాను" అంటున్నాడా? మూడు, ఏం అడుగుతున్నాడు? బతకడానికి చోటు అడిగితే ఇవ్వండి. దండ అడిగితే, మర్చిపొమ్మని అడిగితే, ఆలోచించండి.

ఇంటర్వ్యూ చేసేవాళ్ళు కూడా చూస్తుంటే వాళ్ళకో మాట. అడవిలో ఏం తినేవాళ్ళు, పాములు కనిపించేవా, లవ్ స్టోరీ ఏంటి అని గంటసేపు అడుగుతారు. ఒక్క ప్రశ్న చేర్చండి. "మీ దళం చేతిలో చనిపోయినవాళ్ళ పేర్లు మీకు గుర్తున్నాయా?" అంతే. ఆ తర్వాత మాట్లాడకండి, ఆయన్ని మాట్లాడనివ్వండి.

మొదటి ప్రశ్నకి నా జవాబు చెప్పేసి ముగిస్తాను. కేథీ బౌడిన్ ఎవరు? ఆ ట్రక్కులో కూర్చున్న మనిషీ ఆమే, జైల్లో ఎయిడ్స్ రోగి చెయ్యి పట్టుకున్న మనిషీ ఆమే. ఒకటి చెప్పి రెండోది దాస్తే, అది ఏ వైపు నుంచి దాచినా అబద్ధమే. ఆమె గురించి రాసే ప్రతిచోటా ఆ మూడు పేర్లూ ఉండాలి. పీటర్ పేజ్. ఎడ్వర్డ్ ఓగ్రేడీ. వేవర్లీ బ్రౌన్. ఆ పేర్ల తర్వాత, ఆమె మిగతా నలభై ఏళ్ళు ఏం చేసిందో కూడా ఉండాలి.

మీకు వేరేగా అనిపిస్తే తప్పకుండా చెప్పండి, ముఖ్యంగా ఇలాంటి నష్టం చూసిన ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే మీ మాట ముందు వినాలని ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.